ఆ మూల చిల్లచెట్లు

పడమటి గట్టు మూలనున్న నాలుగు చిల్లచెట్లను మాత్రం వదిలెయ్యమని మాలకొండయ్య చెప్పినప్పుడు ఝాన్సీకి మొదట నవ్వొచ్చింది. పొలమంతా ఉచితంగా బాగుచేసి పెడతామంటే ముళ్ళకంప మీద మమకారం చూపించే రైతును ఆమె ఎక్కడా చూడలేదు.

“అక్కడ పుట్ట ఉందమ్మా. పాము తిరగతా ఉంటది. దాని జోలి మనకెందుకు?” అన్నాడాయన తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ.

పుట్ట లేదు. పొద్దున లోడరు దిగకముందే పొలం చుట్టూ తిరిగి గుర్తులు పెట్టుకున్నది ఝాన్సీయే. ఆ మూల నేల చదునుగా ఉంది, చీమల పుట్ట కూడా లేదు. మావయ్య తనతో అబద్ధమాడటం ఆమె ఎరిగి అదే మొదటిసారి.

మాలకొండయ్య ఆమెకు మేనమామ. పొదిలి అవతల మెట్టపాలెంలో గొర్రెలు, కొంచెం మెట్టపొలం ఉన్న మనిషి. భార్య చిన్నవయసులోనే పోయింది, పిల్లల్లేరు. ఝాన్సీ ఒంగోలు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే రోజుల్లో ఆమె తండ్రి వెంగయ్య లారీ లోడుతో ఉత్తరాదికి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. నాగపూరు దగ్గర ఎవతెనో ఉంచుకున్నాడని ఊరు తీర్మానించింది. తల్లి చెంచమ్మ దాన్ని అవుననలేదు, కాదనలేదు. అప్పటినుంచి ఇద్దరినీ తన ఇంట్లో పెట్టుకుని సాకింది మాలకొండయ్యే. గొర్రెలు అమ్మి మేనకోడల్ని రసాయనశాస్త్రం చదివించాడు. ఝాన్సీ పెద్దదై ఉద్యోగం తెచ్చుకుంది గానీ పెళ్ళి మాట మాత్రం ఎత్తనివ్వలేదు. మగవాడంటే ఏదో ఒకరోజు లోడుతో వెళ్ళి తిరిగిరానివాడని ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది. తండ్రి ఫోటో ఇంట్లో కనబడితే తిప్పి పెట్టేది.

ఆ పూట మావయ్య మాటకు ఎదురు చెప్పలేదు. సరేనని తలూపి, లోడరు నడిపే జిలానీకి సైగ చేసింది.

లోడరు ముందు తొట్టి ఉండాల్సిన చోట రెండు వంపు కత్తుల కత్తెర బిగించి ఉంది. అది చిల్లచెట్టు మొదలును నేలకు ఆనించి పట్టుకుంది. పట్టుకుని, కొయ్యకుండా, గుటక వేస్తున్నట్టు కాసేపు ఆగింది. తర్వాత కత్తులు రెండూ దగ్గరయ్యాయి. తొడ లావు కాండం ఒక్క చప్పుడుతో తెగిపోయింది. లోడరు ఆ చెట్టును నిలువునా ఎత్తుకుపోయి గట్టు పక్కన కుప్ప మీద పడేసి వచ్చింది. మొద్దు మళ్ళీ చిగురించకుండా మందు పూస్తూ ఒక కూలీ వెనకే నడిచాడు.

కత్తెర ఆ కాసేపు ఆగేలా చేసింది ఝాన్సీయే. కత్తి అంచులో వెంట్రుక కన్నా సన్నటి గాడులున్నాయి. పట్టు బిగియగానే చెట్టు రసం ఒక చుక్క వాటిలోకి ఎక్కుతుంది. కత్తెర వెనకనున్న పెట్టె ఆ చుక్కలో ఏ లోహం ఎంతుందో అక్కడికక్కడే తేల్చేస్తుంది. సర్కారు తుమ్మ అని కొందరూ, చిల్లచెట్టు అని ఆ పక్కవాళ్ళూ పిలిచే ఆ కంపచెట్టు వేరు బోరుబావంత లోతుకు దిగుతుంది. దిగిన చోటల్లా నేలలో ఉన్నదంతా కొంచెం కొంచెం తాగుతుంది. కాబట్టి తవ్వనక్కర్లేకుండా, ఎలాగూ కొట్టేయబోయే చెట్టునే అడిగి భూమి అడుగున ఏముందో తెలుసుకోవచ్చు. ఝాన్సీ పనిచేసే ప్రయోగశాల ఆశంతా ఆ చుక్క మీదే ఉంది. ఆ ఫలితాల కోసం గనుల కంపెనీల వాళ్ళు దాని వాకిట్లో కాచుకుని ఉన్నారు.

రైతులకు ఈ సంగతేమీ చెప్పలేదు. పొలం బాగుచేస్తాం, కట్టె మాది అన్నారు, అంతే. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని ఊళ్ళో గొణుగుడు మొదలై అప్పటికే కొన్నాళ్ళయింది. చెట్టు కొట్టే కత్తెర మధ్యలో ఆగడం దేనికని ఒక ముసలావిడ ఝాన్సీనే నిలదీసింది. నూనె ఒత్తిడి పెరగాలి గదా అవ్వా అని ఝాన్సీ తడుముకోకుండా చెప్పింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళితే, చెంచమ్మ కూతురి కంచంలో జొన్నసంగటి పెడుతూనే అడిగింది. “పడమటి మూల వదిలేశారా?”

“నీకెవరు చెప్పారు ఆ మూల సంగతి?”

“మీ మావే అన్నాడు. పాములుండాయంట.”

మాలకొండయ్య పొద్దున్నుంచి పొలంలోనే ఉన్నాడు. ఇంటికి రానేలేదు. ఝాన్సీ ముద్ద మింగుతూ తల్లి ముఖంలోకి చూసింది. చెంచమ్మ పులుసు గిన్నె కోసం లోపలికి వెళ్ళి, చాలాసేపటికి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

మర్నాడు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒంగోలు బస్సెక్కారు. కంటి డాక్టరు దగ్గరికని చెంచమ్మ చెప్పింది. పురుగుమందుల కొట్టుకని మాలకొండయ్య చెప్పాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఆ మూల చెట్లు కొట్టెయ్యమంది ఝాన్సీ.

జిలానీ ఇంజను ఆపి కిందికి దిగాడు. పెద్దాయన వద్దన్నాడు గదా మేడం, ఆయన లేనప్పుడు ఎందుకని నసిగాడు. ఆయనకు నేను చెప్పుకుంటాలెమ్మంది ఆమె. కత్తెర నాలుగు చెట్లనూ ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంది, చుక్క పీల్చింది, కోసింది. పాము రాలేదు.

సాయంత్రం బస్సు దిగి నేరుగా పొలానికొచ్చిన మాలకొండయ్య ఆ మొద్దుల దగ్గర నిలబడిపోయాడు. కోప్పడతాడని ఎదురుచూసింది ఝాన్సీ. ఆయన కోప్పడలేదు. కొట్టేశారా అన్నాడు, అంతే. వంగి, పచ్చిగా ఉన్న మొద్దు మీద చెయ్యి ఆనించి, ఆ చెయ్యి పంచెకు తుడుచుకుని ఇంటిదారి పట్టాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

* * *

ప్రయోగశాల ఒంగోలు శివారులో, పొగాకు గోదాముల వెనక ఉంది. దాని అధిపతి డాక్టర్ భువనమోహన్ తెర మీద గీతలు చూసి ముందు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, తర్వాత ఉసూరుమంటూ కూర్చున్నాడు. నికెలు, క్రోమియం, మాలిబ్డినం. మామూలు నేలలో ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఖనిజంలో ఆ మూడూ ఆ పాళ్ళలో కలిసి ఉండవు.

“ఇది గని కాదమ్మా, ఉక్కు. తుప్పు పట్టని ఉక్కు. ఎవరో దొంగసొత్తు స్టీలు గిన్నెలు పాతిపెట్టి మర్చిపోయారు,” అని నవ్వాడు. అయితేనేం, పాతేసిన ఉక్కును కూడా మన కత్తెర పసిగట్టిందన్నమాట అని మళ్ళీ తనే సంబరపడ్డాడు.

ఝాన్సీ నవ్వలేదు. వంటగిన్నెల ఉక్కులో మాలిబ్డినం వెయ్యరు. ఉప్పునీళ్ళలో వాడే సామాను కోసం వేస్తారు, మనిషి ఒంట్లో బిగించే సామాను కోసం వేస్తారు. తెర మీద ఇంకో గీత కూడా ఉంది. భాస్వరం, ఎముకల్లో దండిగా ఉండేది. నాలుగు చెట్లలో మధ్యనున్న రెండింటిలో అది మరీ ఎక్కువగా ఉంది.

ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా అద్దంకి రోడ్డు మీద నాన్న లారీ బోల్తాపడింది. గుంటూరులో కుడి తొడలో కడ్డీ వేశారు. వాన పట్టినప్పుడల్లా ఆయన మంచం మీద కాళ్ళు చాపి, నా ఇనుప ఎముక పీకతందమ్మాయ్ అని పిలిచేవాడు. ఆమె వెళ్ళి నొక్కేది. వేళ్ళకు లోపల ఏదో గట్టిగా తగిలేది.

ఇక ఆ రోజు ఆమెకు పని సాగలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, పంపు తిప్పి, నీళ్ళు పోతుంటే చూస్తూ నిలబడింది.

* * *

అనుమానం ఒకసారి లోపలికొచ్చాక ఇల్లంతా దానిదే అయింది. ఇన్నాళ్ళూ మామూలుగా కనిపించిన ప్రతి సంగతీ మరో ముఖం చూపించసాగింది. నాన్నను వెతకడానికి నాగపూరు వెళ్ళొచ్చానన్నాడు మావయ్య. నిజంగా వెళ్ళాడా, లేక పొదిలి బస్టాండులో పడుకుని తిరిగొచ్చాడా? ఆ ఏడే పొలంలో మోటారు కొట్టం తగలబడింది. బీడీ నిప్పు పడిందన్నారు. మావయ్య బీడీ తాగడు. ఆ తర్వాత ఆ పొలం దున్నలేదు, కౌలుకివ్వలేదు, ఎవరడిగినా అమ్మలేదు. చుట్టూ అందరి చేలూ పచ్చగా ఉంటే దాన్ని మాత్రం కంపకు వదిలేశాడు. కత్తెరకు కూడా ఆయనంతట ఆయన ఒప్పుకోలేదు. మెట్టపాలెంలో మొదటి ప్రయోగం మన పొలంలోనే జరగాలని ఝాన్సీ పట్టుబడితే, కాదనలేక తలూపాడు.

నాన్న తాగొచ్చి అమ్మను కొట్టడం ఆమెకు గుర్తుంది. ఒకసారి మావయ్య వచ్చి నాన్న చొక్కా పట్టుకుని గోడకు ఆనించి, ఇంకోసారి చెయ్యెత్తితే నిలువునా పాతేస్తానన్నాడు. ఆ రోజు ఆ మాట విని ఆమె లోలోపల సంతోషపడింది. ఇప్పుడు అదే మాట గుర్తొస్తే ఒళ్ళు జలదరించింది.

తల్లీ మావయ్యా నెలకోసారి చేసే ఒంగోలు ప్రయాణాల మీద కూడా ఆమె కన్నుపడింది. తల్లి చెప్పిన కంటి ఆసుపత్రికి వెళ్ళి విచారిస్తే చెంచమ్మ అనే పేషెంటు అక్కడికి ఎన్నడూ రాలేదన్నారు. మరి ఇద్దరూ కలిసి నెలనెలా ఎక్కడికి పోతున్నట్టు? ఎవరినైనా నోరు మూయించడానికా?

అడగాలని ఒక సాయంత్రం నోరు తెరిచింది. మాలకొండయ్య వాకిట్లో గొర్రెపిల్లకు పాలు పడుతున్నాడు. చెంచమ్మ చేటలో కందులు చెరుగుతోంది. నాన్న చివరిసారి ఇంటికి ఎప్పుడొచ్చాడని మామూలుగా అడిగినట్టు అడిగింది ఝాన్సీ. చేట ఆగింది. చెంచమ్మ ముందు అన్న వైపు చూసి, ఆ తర్వాతే కూతురి వైపు తిరిగింది.

“పోయినోడి గురించి ఇప్పుడెందుకమ్మా?”

పోయినవాడు. ఊరొదిలి పోయినవాణ్ణీ అలాగే అంటారు, లోకమొదిలి పోయినవాణ్ణీ అలాగే అంటారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాటే విన్నది ఝాన్సీ. అందులో రెండో అర్థం ఉందని ఆ సాయంత్రమే తట్టింది. తల్లికి కూడా తెలుసన్నమాట. ఆమెకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. పనుందని ఒంగోలు వెళ్ళిపోయి, మరి నాలుగు రోజులు ఫోనెత్తలేదు.

పొదిలి పోలీసు స్టేషన్లో ఎస్సై ఆమె చెప్పిందంతా విని, చెట్టు సాక్ష్యం చెప్పిందా మేడం అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆమె తన కంప్యూటరు తెరిచి గీతలు చూపించింది. నాలుగు మొద్దుల్లో ఎక్కడ ఎంత ఉక్కు ఉందో, ఎక్కడ ఎంత భాస్వరం ఉందో చుక్కలు పెట్టి కలిపింది. తెర మీద మనిషి పొడవున ఒక గీత తేలింది. ఎస్సై కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“అనుమానం ఎవరి మీద?”

ఆమె చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతు వణకలేదు. అదే ఆమెను తర్వాత ఎక్కువ బాధపెట్టింది.

* * *

తవ్వకానికి తాసీల్దారు వచ్చాడు, డాక్టరు వచ్చాడు, ఊరంతా వచ్చింది. మాలకొండయ్యను జీపులోంచి దించి గట్టు మీద నిలబెట్టారు. ఇక్కడేముందయ్యా అని ఎస్సై గద్దించకముందే ఆయన చెప్పేశాడు.

“మనిషుండాడు సార్. మా బావ. మెల్లంగా తవ్వమనండి, దెబ్బలు తగలకుండా.”

జనంలో ఒక్కసారిగా అలజడి లేచి అణిగిపోయింది. మాలకొండయ్య అప్పుడు మేనకోడలి వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపముంటే ఝాన్సీ తట్టుకునేది. అక్కడ అలసట మాత్రమే ఉంది.

చిల్లచెట్టు వేళ్ళు ఎముకలను బుట్ట అల్లినట్టు అల్లుకుపోయాయి. కూలీలు కత్తులతో వేళ్ళు కోసుకుంటూ దిగారు. కుడి తొడ ఎముకలో కడ్డీ ఇంకా తెల్లగానే ఉంది. డాక్టరు దాన్ని పైకెత్తి చూపించగానే ఝాన్సీ తల తిప్పుకుంది. తిప్పుకున్న వైపే జనం వెనక, చెట్ల నీడలో చెంచమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్న చేతులకు వేసిన బేడీల వైపు చూస్తోంది.

స్టేషన్లో మాలకొండయ్య ఇంకేమీ చెప్పలేదు. ఎలా చచ్చాడంటే జబ్బుతో అన్నాడు. ఏం జబ్బంటే నోరు మెదపలేదు. చెప్పకపోతే హత్యే అనుకోవాల్సొస్తుందని ఎస్సై అంటే, అట్నే అనుకోండి సార్ అన్నాడు. బల్ల పక్కన ఝాన్సీ కూర్చుని ఉంది. తలుపు దగ్గర మెట్టపాలెం మనుషులు మూగి ఉన్నారు. వాళ్ళను తోసుకుని చెంచమ్మ లోపలికొచ్చింది.

“మా అన్న చెప్పడు. నాకు మాటిచ్చుండాడు, చచ్చినా చెప్పడు. నేను చెప్తా రాసుకోండి. మా ఆయనకి ఎయిడ్సు. నాకూ అదే.”

తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకరిద్దరు వెనక్కి జరిగారు. చెంచమ్మ అది చూసి కూడా ఆగలేదు. ఇన్నేళ్ళు బిగపట్టినదంతా నిలబడే చెప్పేసింది.

వెంగయ్య లోడుతో వెళ్ళి రాకపోవడం నిజం కాదు. వచ్చాడు. ఒళ్ళంతా పుళ్ళతో, కడ్డీ తప్ప కండ లేకుండా వచ్చాడు. అంతకు ముందు ఏడే పక్క వీధిలో ఇంకో లారీ డ్రైవరు అదే జబ్బుతో పోతే పాడె మొయ్యడానికి నలుగురు దొరకలేదు. వాడి పిల్లల్ని బడిలోంచి పంపేశారు, వాడి పెళ్ళాన్ని బోరింగు దగ్గరికి రానివ్వలేదు. ఝాన్సీ హాస్టల్లో ఉంది. సంగతి తెలిస్తే అక్కడా ఉండనివ్వరని వెంగయ్యే భయపడ్డాడు. పిల్ల నన్ను లేచిపోయినోడని తిట్టుకున్నా ఫరవాలేదు, ఈ జబ్బోడి కూతురని ఎవరూ అనకూడదు బావా అని మాలకొండయ్య చేత చేతిలో చెయ్యేయించుకున్నాడు. మోటారు కొట్టంలో మంచమేసి మాలకొండయ్యే ఒళ్ళు తుడిచాడు, నోట్లో గంజి పోశాడు, పోయాక ఒక్కడే గొయ్యి తవ్వాడు. పరుపుతో సహా కొట్టం తగలబెట్టాడు. తర్వాత చెంచమ్మకు పరీక్ష చేయిస్తే ఉందని తేలింది. సర్కారు మందులు వచ్చినప్పటినుంచి నెలనెలా ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చిస్తున్నదీ ఆయనే.

“ఆ మందుల వల్లే బతికుండా. పిల్లకి తెలియకుండానే పోదామనుకుంటిమి,” అంది చెంచమ్మ. కూతురి వైపు మాత్రం తిరగలేదు.

ఝాన్సీ లేచి తన కుర్చీ తల్లి వైపు జరిపింది.

* * *

ఆసుపత్రి వాళ్ళు చెంచమ్మ మాట నిజమేనన్నారు. మాలకొండయ్యను వదిలేశారు. పై అధికారులకు చెప్పకుండా పూడ్చినందుకు మందలించి, ఎముకలు మూటగట్టి ఇచ్చారు. ఈసారి వెంగయ్యను ఊరి శ్మశానంలోనే పూడ్చారు. పాడె మొయ్యడానికి మనుషులొచ్చారు. కాలం కొంచెం మారింది. అంతా మారలేదు. పొదుపు సంఘం ఆడవాళ్ళు చెంచమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఓదార్చారు, టీ మాత్రం కాగితం గ్లాసులో ఇచ్చారు. వాళ్ళు తాగింది స్టీలు గ్లాసుల్లో.

మాలకొండయ్య మీద అనుమానం కూడా పూర్తిగా పోలేదు. జబ్బుందనేది నిజమే, జబ్బుతోనే చచ్చాడని ఎవరు చూశారు? పెళ్ళానికి అంటించాడన్న కోపంతో బావమరిదే ఏదో తాగించి ఉండొచ్చు గదా? ఎముకలు ఎవరివో చెబుతాయి గానీ ఎలా పోయాడో చెప్పవని డాక్టరే అన్నాడట. ఆ మాట రచ్చబండ దగ్గర తిరిగి తిరిగి ఝాన్సీ చెవిన కూడా పడింది. దాన్ని విని కొట్టిపారేయాలనుకుంది. కొట్టిపారేయడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. ఆ కొంత సమయం పట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ప్రయోగశాలకు మాత్రం మంచిరోజులొచ్చాయి. పేపర్లలో వార్త పడింది. భువనమోహన్‌కు వేరే రాష్ట్రాల పోలీసుల నుంచి కూడా ఫోన్లొచ్చాయి. గనుల మాట మర్చిపోయి, కొత్త కత్తెరలకు గాడులు ఇంకా సన్నగా ఎలా చెయ్యాలో లెక్కలు మొదలుపెట్టాడు. నీ పేరు నిలిచిపోతుందమ్మా అని ఝాన్సీ భుజం తట్టాడు.

పల్లెల్లో మాత్రం లోడరును చూసి తలుపులు వేసుకున్నారు. మా పొలంలోకి రావద్దని రైతులు జిలానీకి అడ్డం పడ్డారు. కొందరికి గట్టు తగాదాల భయం, కొందరికి తాతలనాటి సంగతుల భయం, చాలామందికి ఊరికే భయం. వద్దన్నవాడి పొలంలో ఏం పాతేశారోనని మిగతావాళ్ళు చెవులు కొరుక్కున్నారు. రమ్మన్నవాణ్ణి కూడా వదల్లేదు, పక్కవాడి గుట్టు బయటపెట్టడానికే రమ్మంటున్నాడన్నారు. అన్నదమ్ముల మధ్య, వియ్యంకుల మధ్య మాటలు తగ్గిపోయాయి. ఒక ఊళ్ళో ఎవరో రాత్రికి రాత్రే తమ చెట్లు తామే నరికి తగలబెట్టుకున్నారు. అక్కడ ఏమీ లేదని తర్వాత తేలింది. కత్తెర వస్తుందన్న భయంతోనే కొట్టేశామన్నారు.

ఝాన్సీ సెలవు పెట్టి మెట్టపాలెం వచ్చింది. తల్లి మాట్లాడింది, వండిపెట్టింది. మందులు ఇప్పుడు దాచకుండా గూట్లోనే పెట్టుకుంటోంది. కూతురు క్షమించమని అడగబోతే, వద్దులేమ్మా, నీకేం తెలుసని అడ్డుపడింది. మావయ్య దగ్గర మాత్రం ఆ మాట ఎలా మొదలెట్టాలో తెలియలేదు. ఆయన పొద్దున్నే గొర్రెలు తోలుకుపోయి చీకటిపడే వేళకు వచ్చేవాడు. ఏదన్నా అడిగితే చెప్పేవాడు. అడగకపోతే ఊరుకునేవాడు.

ఒకరోజు ఆయనే మొదలుపెట్టాడు. గొర్రెల దొడ్డికి కంప అడ్డం వేస్తూ, చెట్టురసం ఇంకా మీ దగ్గరుందా అని అడిగాడు. ఉందన్నది ఆమె. చలిపెట్టెలో దాచారు.

“ఎండ్రిన్ పోసి చంపితే అది చెట్టులోకి ఎక్కుద్దా?”

ఎండ్రిన్ పాత పురుగుమందు. ఏళ్ళ తరబడి నేలలో పోకుండా ఉంటుంది. ఇలాంటి చెట్టు దాన్ని పీల్చుకుంటుంది.

“ఎక్కుతుంది,” అంది చివరికి. “కానీ అదేం అవసరం లేదు మావయ్యా. నాకే అనుమానం లేదు.”

“చెయ్యమ్మా. ఇయ్యాళ కాకపోయినా నేను పోయినాక చేస్తావు. నేనుండంగానే చెయ్.”

ఆయన కోపంగా అనలేదు. కంప సర్ది, చేతికి గుచ్చుకున్న ముల్లు పీక్కుంటూ, రేపు వాన పడుతుందేమోనన్నంత మామూలుగా అన్నాడు. ఆమె చెయ్యననే చెప్పింది. రెండు రోజులు చెయ్యనని తనకు తనే చెప్పుకుంది. మూడో రోజు పొద్దున ఒంగోలు బస్సెక్కింది.

చలిపెట్టెలోంచి సీసా తీసి పరికరంలో పెట్టాక ఫలితం రావడానికి కొంతసేపు పట్టింది. ఆ కొంతసేపూ ఝాన్సీ కిటికీ దగ్గర నిలబడి, గోదాముల ముందు పొగాకు బేళ్ళు దించుతున్న కూలీలను చూసింది. గుండె దడదడలాడింది. ఆ మనిషి మీద నమ్మకముంటే ఈ దడ ఎందుకని తనను తానే అడిగింది. తెర మీద గీత చదునుగా వచ్చింది. ఎండ్రిన్ లేదు. అలాంటిది మరేదీ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తనకే సరిగ్గా తెలియలేదు.

మెట్టపాలెం చేరేసరికి పొద్దు వాలుతోంది. పొలంలో లోడరు పనిచేస్తోంది. సగంలో ఆగిన పొలాన్ని పూర్తిచేసి పెట్టమని ఝాన్సీయే జిలానీని అడిగింది. చుక్క పీల్చే పెట్టె విప్పేయించింది, ఇప్పుడది ఉత్త కత్తెర. మాలకొండయ్య గట్టు మీద నిలబడి ఏ చెట్టు ముందు, ఏది తర్వాత అని చేత్తో చూపిస్తున్నాడు. ఈ ఏడు కంది వేస్తానన్నాడట.

ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఇంజను మోత తగ్గేదాకా ఆగింది.

“ఏమీ లేదు మావయ్యా. విషం లేదు.”

ఆయన తలూపాడు. ఆశ్చర్యపోలేదు, ఊపిరి పీల్చుకోలేదు. తన సంగతి తనకు ముందే తెలిసినవాడికి కొత్తగా ఊరటేముంటుంది?

“అయితే ఇప్పుడు నమ్మావా?”

“నమ్మాను.”

మాలకొండయ్య మొదటిసారి ఆమె కళ్ళలోకి నేరుగా చూశాడు.

“ఎవర్నమ్మా? నన్నా, ఆ మిషన్నా?”

జవాబు కోసం ఆయన కాచుకోలేదు. గట్టు దిగి, తర్వాతి చెట్టు చూపించడానికి జిలానీ వైపు నడిచాడు.